అడవి లోయల్లో కార్లు లేని సైకిల్ దారులు: ఏది ఎవరికి?

చుట్టూ అడవి, పక్కన ఏరు, కార్ల రొద లేని బాట. ఇలాంటి దారుల ఫొటోలు పది చూస్తే పదీ ఒకేలా ఉంటాయి, కాబట్టి అందాన్ని చూసి ఎంచుకోవడం కుదిరే పని కాదు. దూరాన్ని చూసి ఎంచుకోవడమూ అంతే: తారు మీద 80 కిలోమీటర్లు సాయంత్రానికి హాయిగా అయిపోతాయి, నానిన మట్టి మీద 50 దాటేసరికి పొద్దుగూకుతుంది. చూడాల్సినవి రెండు. వాన పడ్డాక చక్రం కింద నేల ఎలా మారుతుంది? మధ్యలో ఆపేయాల్సి వస్తే బయటపడే దారి ఎక్కడుంది?

తొందరలో ఉన్నవారికి ముందే చెప్పేస్తాం. మొదటిసారి సామాను కట్టుకుని వెళ్లేవారికి, పిల్లలను ట్రెయిలర్‌లో లాగేవారికి జర్మనీ, ఆస్ట్రియాల్లో డాన్యూబ్ నది వెంట పోయే దారి. రెండు మూడు రోజులే సెలవుంటే జర్మనీ, బెల్జియం, లక్సెంబర్గ్‌ల మీదుగా పోయే వెన్‌బాన్. వారం పైగా అడవిలోనే గడపాలంటే, గుడారం మోయగలిగితే అమెరికాలోని గ్రేట్ అలెగెనీ పాసేజ్, దానికి తోడుగా సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) కాలువ బాట. కొండల దృశ్యం కావాలి, ఎక్కే ఓపిక లేదు అంటే ఆస్ట్రియా నుంచి ఇటలీకి పోయే ఆల్ప్ అడ్రియాలో టార్విసియో కింది భాగం. మౌంటెన్ బైక్ ఉంటే, సామాను తక్కువైతే న్యూజిలాండ్‌లోని టింబర్ ట్రెయిల్.

ఈ దారి ఇంతకుముందు ఏమిటి?

ప్రతి దారికీ వేయాల్సిన మొదటి ప్రశ్న ఇది. కొండలు తొలిచి, సైకిళ్ల కోసమే వందల కిలోమీటర్ల దారి వేయడం అరుదు. వీటిలో చాలా మటుకు మూసేసిన రైలు కట్టలో, కాలువల్లో పడవలను లాగిన కంచరగాడిదలు నడిచిన గట్లో, నది ఒడ్డు పని దారులో, కలప మోసిన చిన్న ట్రాము మార్గాలో. పాత పని ఏమిటో తెలిస్తే వాలు సగం తెలిసినట్టే.

రైలు కట్ట మీద వాలు సాధారణంగా 2 శాతం లోపే ఉంటుంది, ఎందుకంటే ఆవిరి ఇంజను బరువు లాగుతూ అంతకు మించి ఎక్కడం కష్టం. అయితే ఆ ఎక్కుడు గంటల తరబడి తెగదు. గేర్లు మార్చే పని ఉండదు, లేచి తొక్కే అవసరం రాదు, దాంతో కాళ్ల కన్నా ముందు సీటు కింద ఒళ్లు నొప్పెడుతుంది. పావుగంటకోసారి అర నిమిషం పెడల్ మీద నిలబడితే చాలా వరకు తప్పుతుంది. దిగేటప్పుడూ ఒక నిరాశ ఉంది: కంకర పొడి మీద 1 శాతం దిగుడు తొక్కకుండా దొర్లిపోయేంత కాదు.

కాలువ గట్టు చదును. లాకు (పడవను పై మట్టానికో కింది మట్టానికో చేర్చే తలుపుల గది) వచ్చినచోట మాత్రం చిన్న ఎక్కుడో దిగుడో. నది ఒడ్డు కూడా చదునే, కానీ అక్కడ గాలీ వరదా లెక్కలోకి వస్తాయి. కలప ట్రాము దారికి ఏ నియమమూ ఉండదు.

వాలును చూసి భయపడేవారు చాలామంది, నేలను చూసి భయపడేవారు తక్కువ. లెక్క మాత్రం తిరగబడి ఉంటుంది. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. 1.75 శాతం ఎక్కుడు వెనక్కి లాగే బలం సుమారు 17 న్యూటన్లు. మంచి తారు మీద టైరు దొర్లడానికి ఇంకో 5 పోతాయి. మొత్తం 22. అదే చదునైన దారిలో టైరు దిగబడే బంకమట్టి ఉంటే, ఎక్కుడు ఏమీ లేకుండానే 25 నుంచి 30 పోతాయి. అంటే తారు మీద కొండెక్కడం కన్నా బురదలో చదునుగా వెళ్లడమే కష్టం. దారి వర్ణనలో ‘చదును’ అని కనిపిస్తే, పక్కన ఏ నేలో రాసి ఉందా అని వెతకండి.

గ్రేట్ అలెగెనీ పాసేజ్, సీ అండ్ ఓ: జతగానా, విడిగానా?

ఈ రెండూ అమెరికా తూర్పు భాగంలో కంబర్లాండ్ అనే ఊళ్లో కలుస్తాయి. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా అలెగెనీ పాసేజ్ 240 కిలోమీటర్లు. అక్కడి నుంచి వాషింగ్టన్ దాకా సీ అండ్ ఓ బాట 297. కలిపి 537 కిలోమీటర్లు, దాదాపుగా కార్లతో పనిలేకుండా. అందుకే ఇవి రెండూ ఒకే దారి అన్నట్టు మాట్లాడతారు. చక్రం కింద మాత్రం ఇవి రెండు వేరు లోకాలు.

అలెగెనీ పాసేజ్ పాత రైలు కట్టలు. పైన నలగగొట్టిన సున్నపురాయి పొడి వేసి గట్టిగా అదిమారు. నీళ్లు తొందరగా ఇంకుతాయి, వాన వెలిసిన కొద్ది గంటల్లో మామూలైపోతుంది. పిట్స్‌బర్గ్ వైపు నుంచి సుమారు 200 కిలోమీటర్ల పాటు, ఎక్కువగా యోకోగేనీ, క్యాసల్‌మన్ నదుల వెంట ఎక్కుతున్నట్టే తెలియకుండా ఎక్కుతుంది. 729 మీటర్ల ఎత్తున తూర్పు ఖండ విభాజకం వస్తుంది: ఒకవైపు కురిసిన వాన మెక్సికో సింధుశాఖకూ, రెండోవైపుది అట్లాంటిక్‌కూ పోతుంది. అక్కడి నుంచి కంబర్లాండ్‌కు 38 కిలోమీటర్లు ఒకటే దిగుడు, 540 మీటర్ల పైచిలుకు. ఆ భాగంలో వాలు 1.75 శాతం దాకా ఉంటుంది.

దిశ ఎటు అన్నది ఇక్కడే తేలుతుంది. రెండు దారులూ కలిపి వెళ్తే పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టడమే మేలు: పెద్ద వాలు దిగుడుగా వస్తుంది, కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా కూడా నీటి వాలే. కంబర్లాండ్‌లో మొదలుపెట్టి పిట్స్‌బర్గ్ వైపు వెళ్లడం మూడు నాలుగు రోజుల ప్రయాణానికి తప్పేమీ కాదు, కానీ ఒళ్లు ఇంకా అలవాటు పడని మొదటి పూటే నిండు సామానుతో ఆ 38 కిలోమీటర్లూ ఎక్కాలి. దారిలో ఫ్రాస్ట్‌బర్గ్‌లో ఆగి పడుకుందాం అనుకుంటే ఇంకో మాట: బాట ఊరి కింద నుంచి పోతుంది, ఊళ్లోకి నిటారు ఎక్కుడు. రైలు దారులన్నింట్లో ఈ తిరకాసు ఉంటుంది. కట్ట చదునుగా పోతుంది, ఊరు ఎక్కడో పైనో కిందో ఉంటుంది. బస ఎంచుకునేటప్పుడు బాట నుంచి ఎంత దూరమో కాదు, ఎంత ఎత్తో చూడాలి.

విభాజకానికి కాస్త దిగువన బిగ్ శావేజ్ సొరంగం, సుమారు కిలోమీటరు పొడవు. చలికాలంలో దాన్ని తలుపులు వేసి మూసేస్తారు, ఏప్రిల్‌లో తెరుస్తారు. మూసి ఉన్నప్పుడు సులువైన చుట్టుదారి లేదు; కొండ మీది కార్ల రోడ్లే దిక్కు. డిసెంబరు నుంచి మార్చి వరకు ఈ దారిని మొత్తంగా తొక్కే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంకా దిగువన బ్రష్ సొరంగం ఉంది. దాంట్లో పర్యాటకుల రైలు పట్టాలూ సైకిల్ బాటా పక్కపక్కనే ఉంటాయి. రైలు వచ్చే సూచన ఉంటే బయటే ఆగండి. పొగా చప్పుడూ లోపల భరించలేరు.

సీ అండ్ ఓ బాటకు వస్తే, 1924లో పడవలు ఆగిపోయిన కాలువ గట్టు ఇది. 74 లాకులు, పొటోమాక్ నది, దట్టమైన చెట్ల నీడ. నేల మట్టి, బంకమన్ను, అక్కడక్కడ కంకర. కొన్ని భాగాలకు కొత్త కంకర పరిచారు, వాటి మీద హాయిగా పోవచ్చు. మిగతా చోట్ల రెండు రోజులు వాన పడితే గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, చెట్ల నీడ వల్ల తొందరగా ఆరవు. ఎండ రోజుల్లో చెట్ల వేళ్ల గుబ్బల మీద కుదుపు. రోజుకు 50-60 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోవద్దు. వాన సూచన ఉంటే 45 చాలు.

బురద తప్పించుకోవడానికి ఒక మార్గం ఉంది, తెలియక చాలామంది పక్కనుంచే వెళ్లిపోతారు. బిగ్ పూల్, లిటిల్ ఓర్లీన్స్ మధ్య గట్టు బాటకు సమాంతరంగా వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రెయిల్ ఉంది, సుమారు 45 కిలోమీటర్ల తారు దారి. మధ్యలో కొద్ది దూరం మళ్లీ గట్టు మీదికి దిగాలి, అంతే. వాన రోజున ఇది పూట సమయం మిగులుస్తుంది.

పా పా సొరంగం 950 మీటర్లు. 1836లో మొదలైన తవ్వకం 1850 దాకా సాగింది. లోపల దీపాలు లేవు, బాట సన్నం, నేల ఎగుడుదిగుడు, పక్కన కంచె, దాని కింద నీళ్లు. తొక్కకండి, దిగి నడిపించండి. రెండు వైపులా సంచులు వేలాడుతున్న సైకిలు, ట్రెయిలర్ ఎదురైతే ఒకరు ఆగాల్సిందే. తలకు కట్టుకునే లైటు ఉంటే రెండు చేతులూ సైకిలు మీద ఉంటాయి.

సీ అండ్ ఓ అసలు బలం బస. బాట పొడవునా 8 నుంచి 15 కిలోమీటర్లకు ఒకటి చొప్పున నడిచేవారికీ సైకిలు వారికీ ఉచిత విడిది స్థలాలున్నాయి. ఒక్కో చోట ఒక్క రాత్రి. చేతి పంపు, మరుగుదొడ్డి, పొయ్యి గూడు. పంపు నీళ్లకు అయోడిన్ కలుపుతారు, రుచి తేడాగా ఉంటుంది. చలికాలంలో పంపుల పిడులు తీసేస్తారు. వేసవిలో కూడా ఒక పంపు పనిచేయకపోవచ్చు కాబట్టి పక్క పంపు దాకా సరిపోయేలా మనిషికి రెండు లీటర్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. అలెగెనీ పాసేజ్ మీద ఊళ్లు దగ్గర దగ్గరగా ఉండటంతో గుడారం లేకుండానే వెళ్లొచ్చు. సీ అండ్ ఓ మీద అలా వెళ్లొచ్చు గానీ ప్రతి రాత్రీ బసకు దూరాలు కుదరవు.

తిరుగు ప్రయాణానికి వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ మధ్య రోజుకు ఒకే రైలు. కంబర్లాండ్, హార్పర్స్ ఫెర్రీ, కానెల్స్‌విల్ దాని మధ్య స్టేషన్లు, అంటే బయటపడే దారులు కూడా అవే. పిట్స్‌బర్గ్‌లో ఆ రైలు అపరాత్రి వేళల్లో వస్తుంది. సైకిలు చోట్లు కొద్దే; టికెట్‌తో పాటు సైకిలుకూ చోటు తీసుకోకపోతే ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోతారు.

మా సలహా: మొదటిసారైతే, వారం లోపే సెలవుంటే అలెగెనీ పాసేజ్ ఒక్కటే తొక్కండి. సీ అండ్ ఓ కలపాలంటే మే లేదా సెప్టెంబరు చివర, వెడల్పు టైర్లతో. అక్టోబరు రంగులు బాగుంటాయి, కాకపోతే రాలిన ఆకుల కింద వేళ్లూ రాళ్లూ కనబడవు.

వెన్‌బాన్: సెలవు తక్కువున్నవారికి

జర్మనీలోని ఆఖెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గ్‌లోని ట్రోవియెర్జ్ దాకా 125 కిలోమీటర్లు. దాదాపు అంతా తారు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత ఈ రైలు కట్టను బెల్జియంకు ఇచ్చేశారు, అందుకే జర్మనీ ఊళ్ల మధ్య నుంచి పోతున్నా మీ చక్రం కింద నేల చాలా చోట్ల బెల్జియందే.

ఆఖెన్ నుంచి మొదటి 50 కిలోమీటర్లు హై ఫెన్ పీఠభూమికి ఎక్కుడు, 2 శాతం లోపు. అటుపైన విశాలమైన అడవులు, ఔర్ నది చుట్టుపక్కల లోయలు. ట్రోవియెర్జ్ ఆఖెన్ కన్నా ఎత్తున ఉంది కాబట్టి సులువు కావాలంటే తిరగేసి వెళ్లండి. మోన్‌షావ్ అనే అందమైన ఊరు దారి పక్కనే ఉన్నట్టు మ్యాపులో కనిపిస్తుంది. నిజానికి అది లోతైన లోయ అడుగున ఉంది. టీ తాగడానికి దిగితే మళ్లీ అంతా ఎక్కాలి. లక్సెంబర్గ్ సరిహద్దు దగ్గర పాత సొరంగాన్ని గబ్బిలాలకు వదిలేశారు, బాట కొండ మీదుగా పోతుంది. మొత్తం దారిలో రైలు వాలుకు అలవాటైన కాళ్లకు అదొక్కటే షాక్.

రెండు చివరలా రైలు స్టేషన్లున్నాయి. లక్సెంబర్గ్‌లో 2020 మార్చి నుంచి మామూలు తరగతి ప్రయాణం ఉచితం. లోపం ఒక్కటే: మధ్యలో, పీఠభూమి మీద, రైలు లేదు. సైకిలు అక్కడ విరిగితే బస్సో టాక్సీయో చూసుకోవాలి. పైన చలి, పొగమంచు, వేసవిలో కూడా. వాన కోటు సంచి అడుగున పెట్టొద్దు.

డాన్యూబ్: పస్సావ్ నుంచి వియన్నా

సుమారు 320 కిలోమీటర్లు, యూరప్‌ను దాటే దూరపు సైకిల్ దారి యూరోవెలో 6లో బాగా పేరున్న ముక్క. అడవి కొండలు కావాలనుకునేవారికి అసలు భాగం మొదట్లోనే: పస్సావ్ నుంచి ఆషాఖ్ వరకు నది కొండల మధ్య మెలికలు తిరుగుతుంది, ష్లోగెన్ వంపు అక్కడే. తరవాత గ్రైన్ చుట్టుపక్కల మళ్లీ లోయ ఇరుకవుతుంది. మిగతా చోట్ల పొలాలు, ద్రాక్ష తోటలు, ఊళ్లు. మొత్తం అడవే కావాలంటే ఇది మీ దారి కాదు. ఇది నూటికి నూరు పాళ్లు కార్లు లేనిదీ కాదు, కొన్ని చోట్ల పొలం రోడ్లు, ఊరి వీధులు తగులుతాయి.

అయినా కొత్తవారికి దీన్నే ముందు చెప్పడానికి కారణం తప్పు చేసినా సర్దుకోగలగడం. చాలా దూరం రెండు ఒడ్డుల్లోనూ దారి ఉంది, బస దగ్గర దగ్గరగా దొరుకుతుంది, చాలా చోట్ల రైలు మార్గం దగ్గర్లోనే ఉంటుంది. గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది కాబట్టి తూర్పుకు తొక్కడం లాభం. జాగ్రత్త పడాల్సింది పడవల దగ్గర. ష్లోగెన్ ప్రాంతంలో ఉత్తర ఒడ్డు దారి కొండకు తగిలి ఆగిపోతుంది, సైకిళ్ల పడవ ఎక్కి ముందుకు పోవాలి. పడవలు వెచ్చటి నెలల్లో, పగలు మాత్రమే తిరుగుతాయి. సాయంత్రం ఆలస్యమైతే ఎదుటి ఒడ్డున బుక్ చేసిన గది కనిపిస్తూనే ఉంటుంది, చేరడం కుదరదు. గది ఏ ఒడ్డున ఉందో బుక్ చేసేటప్పుడే రాసిపెట్టుకోండి.

ఆల్ప్ అడ్రియా

పూర్తి దారి సాల్జ్‌బర్గ్ నుంచి గ్రాడో దాకా, 400 కిలోమీటర్లకు పైన. మధ్యలో బోక్‌స్టైన్ నుంచి మాల్‌నిట్జ్‌కు సైకిలుతో సహా రైల్లో సొరంగం దాటాలి. కార్లు లేని అడవి లోయ కావాలంటే మొత్తం తొక్కనక్కర్లేదు. ఇటలీలో టార్విసియో నుంచి మొజ్జియో వరకు పాత పాంటెబ్బానా రైలు కట్ట చాలు: తారు, సొరంగాలు, ఫెల్లా నది మీద పెద్ద పెద్ద వంతెనలు, దాదాపు అంతా దిగుడు. ఊడినే నుంచి టార్విసియోకు రైలెక్కి పైనుంచి దిగితే ఒక్క పూట పని. కిందికి వచ్చాక తేడా: ఆ కట్ట అయిపోయాక కొంత దూరం కార్ల రోడ్డు తప్పదు. పిల్లలుంటే అంతకు ముందే ఆగిపోయే ఏర్పాటు చేసుకోండి.

టింబర్ ట్రెయిల్

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో ప్యురియోరా నుంచి ఒంగరూ దాకా సుమారు 85 కిలోమీటర్లు, రెండు రోజులు. పై దారుల్లో తొక్కిన టూరింగ్ సైకిలు ఇక్కడ పనికిరాదు. మొదటి రోజు కొండ పక్కన 970 మీటర్ల దాకా ఎక్కి, వేలాడే వంతెనలు దాటాలి. రెండో రోజు కలప ట్రాము దారిలో మెలికలు. రైలు లేదు, మధ్యలో దుకాణం లేదు, ఫోను సిగ్నల్ నమ్మలేం. వాహనంలో దింపేవారిని ముందే మాట్లాడుకోవాలి. మిగతా వాటితో పోటీ పెట్టడమే కాస్త అన్యాయం, కానీ అడవి అంటే ఇదే అడవి.

టైర్లు, బిగింపులు, విరిగేవి

తారు దారులకు 32-35 మిల్లీమీటర్ల టైరు చాలు. అలెగెనీకి 38-40. సీ అండ్ ఓకు 42 కన్నా తక్కువ వద్దు, 50 ఉంటే ఇంకా మంచిది. టింబర్ ట్రెయిల్‌కు 2.2 అంగుళాలు, ముందు షాకర్. మొత్తం బరువు 100 కిలోలుండి టైరు 42 అయితే వెనక 45, ముందు 38 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, మెత్తటి నేల రాగానే ఐదు తగ్గించండి. గట్టిగా గాలి కొడితే వేగం వస్తుందన్నది తారు మీది మాట. గుంటల మీద అది చేతుల నొప్పిగానూ సడలిన స్క్రూలుగానూ మారుతుంది.

మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కనీసం 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బంకమట్టి ఆ సందులో కూరుకుంటే చక్రం తిరగడం ఆగిపోతుంది. ఇంకా ప్రమాదం పుల్లలతో: పుల్ల ముందు చక్రంలో చిక్కుకుని మడ్‌గార్డును లాగేస్తే చక్రం ఒక్కసారిగా బిగుసుకుని మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. బలంగా లాగితే ఊడిపోయే క్లిప్పులున్న మడ్‌గార్డు ముందు చక్రానికి తప్పనిసరి.

సున్నపురాయి పొడి తడిస్తే సానబట్టే ముద్దలా పనిచేస్తుంది. రిమ్ బ్రేకుల ప్యాడ్లు ఒకట్రెండు వాన రోజుల్లోనే సగం అరిగిపోవచ్చు; అదనంగా ఒక జత పెట్టుకోండి. చెయిన్‌కు చిక్కటి నూనె వేస్తే పొడి అంటుకుని గరగరలాడుతుంది, పల్చటిది వేసి పైన పొడిగా తుడవాలి. సామాను క్యారియర్‌ను పట్టి ఉంచే ఎం5 స్క్రూలు కుదుపులకు వదులవుతాయి. మొదటి రెండు సాయంత్రాలు బిగించి చూడండి, రెండు స్క్రూలు, నాలుగు జిప్ టైలు అదనం. టింబర్ ట్రెయిల్‌కైతే మీ సైకిలుకు సరిపోయే డెరైలర్ హ్యాంగర్ (గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) ఒకటి; ప్రతి మోడల్‌కూ అది వేరు, అక్కడ ఎవరి దగ్గరా దొరకదు.

అమెరికా తూర్పు అడవుల్లోనూ మధ్య యూరప్ అడవుల్లోనూ లైమ్ జబ్బు తెచ్చే పేలలాంటి పిడుదులు ఉంటాయి. ప్రతి రాత్రీ మోకాళ్ల వెనక, గజ్జల్లో, నడుం పట్టీ కింద చూసుకోవాలి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా పైకి లాగాలి, నలపకూడదు.

చివరిగా టికెట్లకు ముందు చేయాల్సిన పని. ఈ దారులన్నీ కొండ చరియలకూ నదులకూ ఆనుకుని ఉన్నవే, కాబట్టి పాత మ్యాపును నమ్మలేం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను అమెరికాలోని మరో పాత రైలు కట్ట బాట, వర్జీనియా క్రీపర్ ట్రెయిల్ పై సగాన్ని, డమాస్కస్ నుంచి వైట్‌టాప్ వరకు, వంతెనలతో సహా ఊడ్చేసింది. దారిని నడిపే సంస్థ పెట్టే మూసివేత ప్రకటనలు బుకింగ్‌కు ముందు ఒకసారి, బయల్దేరే వారం మరోసారి చదవండి. చుట్టుదారి ఇచ్చి ఉంటే దాని పొడవు కాదు, అది ఏ రోడ్డు మీద పోతుందో, రోడ్డు అంచున సైకిలుకు చోటు ఎంతో చూడండి. ఆరు కిలోమీటర్ల చుట్టుదారి లారీలు తిరిగే రోడ్డు మీద ఉంటే, ఆ ముక్కకు రైలో టాక్సీయో ముందే మాట్లాడుకోండి.